కరెంటు కోసం కట్టిన నీళ్లలో చేపలు

ప్రశ్న: జలవిద్యుత్తుకు పొగ ఉండదు కదా, మరి దానివల్ల కృష్ణలోని చేపలకు నష్టమేమిటి? – ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: పొగ లేని మాట నిజమే. అయితే కార్పు జాతి పెద్ద చేపలు వానాకాలపు వరదకు ఎదురీది, పారే నీటిలో గుడ్లు పెడతాయి కనుక జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలు వాటి దారికి అడ్డు. జలాశయాల్లో ఏటా బొచ్చె, రోహు పిల్లలను వదలవలసి రావడానికి ఇదొక కారణం. ఇక సాగర్‌లోని రివర్సిబుల్ టర్బైన్లు కరెంటు వాడకం ఎక్కువైనప్పుడు నీటిని కిందికి వదిలి, తగ్గినప్పుడు తిరిగి పైకి తోడగలవు. ఇటువంటి చోట నీటిమట్టం గంటల్లోనే మారితే, ఒడ్డు గడ్డిలో గూడు కట్టుకునే కొర్రమీను (మన రాష్ట్ర చేపే) గుడ్లు గట్టున పడి ఎండిపోతాయి. సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ, పగటి మిగులు కరెంటును రాత్రికి దాచిపెట్టే ఈ ఎత్తిపోత అవసరమూ పెరుగుతుంది కాబట్టి, జలవిద్యుత్ కేంద్రాలే వద్దనడం కంటే, చేపలు గుడ్లు పెట్టే నెలల్లో మట్టం హెచ్చుతగ్గులకు హద్దు పెట్టమని అడగడమే నా దృష్టిలో సబబు.