కప్పు గెలిచినా చల్లారని కోపం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆటల శీర్షిక

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లోని టోటెన్‌హామ్ హాట్‌స్పర్ జట్టు గురించి, 2023 నుంచి 2025 వరకు దానికి మేనేజర్‌గా (అంటే జట్టును ఎంపిక చేసి ఆడించే ప్రధాన కోచ్‌గా) పనిచేసిన ఆస్ట్రేలియన్ ఆంజ్ పోస్టెకొగ్లు గురించి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 2024 నవంబరు 10న ఇప్స్‌విచ్ చేతిలో సొంత మైదానంలో 2-1తో ఓడిన టోటెన్‌హామ్, తర్వాతి మ్యాచ్‌లోనే మాంచెస్టర్ సిటీని వాళ్ల మైదానంలో 4-0తో చిత్తు చేసింది. అదే మేనేజర్, దాదాపు అదే జట్టు. రాత్రి నిద్ర మానుకుని చూసే నాలాంటి వాళ్లు దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఇది ఆటగాళ్ల మనసులో ఉన్న లోపమా, మేనేజర్ చేసిన లోపమా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇలాంటి ఫలితాలు వచ్చినప్పుడు వ్యాఖ్యాతలు సాధారణంగా ఆటగాళ్ల మానసిక దృఢత్వం గురించి మాట్లాడతారు. ఆ మాటతో ఏ ఓటమినైనా వివరించవచ్చు కాబట్టి అది ఏ ఓటమినీ వివరించదు. కారణం మైదానంలోనే కనబడుతుంది. పోస్టెకొగ్లు పద్ధతిలో రక్షణ శ్రేణి దాదాపు మధ్య గీత దాకా ముందుకు వచ్చి నిలబడుతుంది. దానివల్ల ఆట జరిగే స్థలం ఇరుకై ప్రత్యర్థికి ఊపిరాడదు. కానీ ఆ నలుగురు డిఫెండర్ల వెనక, గోల్‌కీపర్‌కూ వాళ్లకూ నడుమ, పెద్ద మైదానమంత ఖాళీ మిగులుతుంది. ముందు వరుసవాళ్లు బంతి ఉన్నవాడి మీదికి క్షణం ఆలస్యం లేకుండా పరుగెత్తితే ఆ ఖాళీలోకి బంతి వేసే తీరిక ఎవరికీ దొరకదు. వాళ్లు అలసిపోతే మాత్రం ఒక్క పొడవాటి పాస్‌తో గోల్ దాకా దారి తెరుచుకుంటుంది.

మాంచెస్టర్ సిటీ తాను కూడా ముందుకు వచ్చి ఆడే జట్టు కాబట్టి దాని వెనకా అంతే ఖాళీ ఉంది. నవంబరు 23న జేమ్స్ మాడిసన్ మొదటి ఇరవై నిమిషాల్లోనే రెండు గోల్స్ చేసింది ఆ ఖాళీ వల్లే. అన్ని పోటీలూ కలిపి సొంత మైదానంలో 52 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని సిటీ ఆ రోజు ఓడింది. ఇప్స్‌విచ్ లాంటి జట్టు అలా ఎదురు వచ్చి ఆడదు. వెనక కూర్చుని, బంతి చేజిక్కిన మరుక్షణం పరుగు తీస్తుంది. ఆ సీజన్‌లో లీగ్‌లో అప్పటిదాకా ఒక్క గెలుపూ లేని ఇప్స్‌విచ్‌కు మొదటి గెలుపు అలా దొరికింది.

సిటీ మీద గెలిచిన రోజున టోటెన్‌హామ్ ప్రధాన డిఫెండర్లు మికీ వాన్ డె వెన్, క్రిస్టియన్ రొమెరో ఇద్దరూ గాయాలతో బయటే ఉన్నారన్న సంగతి కూడా గమనించాలి. అంటే ప్రత్యామ్నాయ ఆటగాళ్లతో ఒక రోజు ఈ ఆట ఆడవచ్చు. మూడు రోజులకొకసారి ఆడలేరు. నవంబరు 23 నుంచి డిసెంబరు 8 వరకు, పదహారు రోజుల్లో, ఆ జట్టు ఐదు మ్యాచ్‌లు ఆడింది. సిటీ మీద గెలిచిన తర్వాత రోమాతో 2-2, ఫుల్‌హామ్‌తో 1-1 డ్రాలు, బోర్న్‌మత్ చేతిలో 1-0 ఓటమి, ఆపైన చెల్సీ మీద 2-0 ఆధిక్యంలో ఉండి 4-3తో ఓటమి. సిటీ మ్యాచ్‌లోనే గోల్‌కీపర్ వికారియో చీలమండ ఎముక విరిగింది. చెల్సీ మ్యాచ్‌కు తిరిగి వచ్చిన రొమెరో, వాన్ డె వెన్ ఇద్దరూ అదే మ్యాచ్‌లో మళ్లీ గాయపడ్డారు. ఆ తర్వాత వారాల తరబడి, మిడ్‌ఫీల్డర్‌గా కొన్న 18 ఏళ్ల ఆర్చీ గ్రేను రక్షణ శ్రేణి మధ్యలో నిలబెట్టి ఆడించారు.

సీజన్ చివరి లెక్క చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 38 మ్యాచ్‌లలో 22 ఓటములు, 38 పాయింట్లు, 17వ స్థానం. ఆ కిందివన్నీ దిగువ శ్రేణికి పడిపోయిన జట్లే. అయినా టోటెన్‌హామ్ చేసిన గోల్స్ 64, నాలుగో స్థానంలో నిలిచిన చెల్సీ చేసినన్ని. ఇచ్చినవి 65. నిరుత్సాహంతో ఆడే జట్టుకు 64 గోల్స్ రావు. అందువల్ల మీ ప్రశ్నకు నా సమాధానం: లోపం ఆటగాళ్ల మనసులో లేదు, పద్ధతిలోనూ పూర్తిగా లేదు, ఆ పద్ధతికి కావలసిన మనుషులు లేనప్పుడు కూడా దాన్నే కొనసాగించిన నిర్ణయంలో ఉంది. చెరువు నిండిన ఏడాది వరి వేసిన రైతును ఎవరూ తప్పుపట్టరు. చెరువు ఎండిందని కళ్లారా చూసి కూడా వరే వేస్తానంటేనే ఊరు నిలదీస్తుంది.

ప్రశ్న: టికెట్ కొన్నంత మాత్రాన సొంత మేనేజర్‌ను మైదానంలోనే అవమానించే హక్కు అభిమానులకు వస్తుందా? 2025 ఏప్రిల్‌లో చెల్సీతో మ్యాచ్‌లో ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి సొంత ప్రేక్షకుల వైపు తిరగడం చూసి నాకు ఆయన మీదే జాలి కలిగింది.
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఆ రాత్రి జరిగింది ఇది. చెల్సీ 1-0తో ముందున్నప్పుడు పోస్టెకొగ్లు యువ ఆటగాడు లూకాస్ బెర్గ్‌వాల్‌ను తీసి పాప్ సార్‌ను దింపారు. ఏం చేస్తున్నారో మీకే తెలియడం లేదంటూ టోటెన్‌హామ్ అభిమానులే గేలి చేశారు. కొద్దిసేపటికే సార్ దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌లో పడింది, మేనేజర్ ఇప్పుడేమంటారో వినిపించండి అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టారు, ఆ వెంటనే వీడియో రిఫరీ అంతకుముందు జరిగిన ఫౌల్ కారణంగా గోల్‌ను రద్దు చేశారు. అభిమానులు ఉత్సాహంగా అరవాలనే అలా చేశానని ఆయన తర్వాత చెప్పారు. నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. అంతకు నాలుగు నెలల ముందు బోర్న్‌మత్‌లో ఓడినప్పుడు ఆయనే నేరుగా అభిమానుల దగ్గరికి నడిచి వెళ్లి వాళ్ల తిట్లు ఎదురుగా నిలబడి విన్నారు. అందుకు మాత్రం ఆయనను మెచ్చుకోవాలి. చాలామంది మేనేజర్లు అలాంటప్పుడు ఆటగాళ్ల గదులకు వెళ్లే సొరంగంలోకి తలవంచుకుని వెళ్లిపోతారు.

ఒక నిర్ణయం నచ్చలేదని అరవడం ఆటలో భాగమే. వ్యక్తిని, కుటుంబాన్ని తిట్టడం కాదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో సామాన్యంగా అందరికీ తెలుసు.

అయితే ఈ కథలో అభిమానులు కూడా ఎప్పుడూ ఒకే మాట మీద లేరు. 2024 మే 14న టోటెన్‌హామ్ సొంత మైదానంలో సిటీతో ఆడింది. గెలిస్తే టోటెన్‌హామ్‌కు యూరప్ అగ్రశ్రేణి క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో చోటు దక్కే ఆశలు మిగులుతాయి, కానీ సిటీతో పోటీ పడుతున్న బద్ధశత్రువు ఆర్సెనల్‌కు లీగ్ టైటిల్ దారి సుగమమవుతుంది. ఆ రోజు స్టాండ్లలో గణనీయమైన భాగం సొంత జట్టు ఓడాలనే కోరుకుంది, ఓడినప్పుడు సంబరపడింది కూడా. జట్టును గెలిపించడానికే వచ్చిన మేనేజర్‌కు అది ఎంత కష్టంగా తోచిందో మ్యాచ్ తర్వాత ఆయన ముఖంలో, మాటలో అందరూ చూశారు. ఆయనకూ స్టాండ్లకూ మధ్య దూరం మొదలైంది ఆ రాత్రే అని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను లండన్‌లో ఉంటాను. 2025 ఫిబ్రవరిలో స్టేడియం బయట జరిగిన నిరసనలో పాల్గొన్నాను. మా నినాదాలు మేనేజర్ మీద కాదు, ఛైర్మన్ డేనియల్ లెవీ మీద. మేనేజర్లను మార్చుకుంటూ పోయే యాజమాన్యాన్ని వదిలేసి మేనేజర్‌నే నిందించడం అన్యాయం కాదా?
— ఒక తెలుగు పాఠకుడు, లండన్

జవాబు: 24 ఏళ్లు, 16 మంది మేనేజర్లు, ఒక్క ట్రోఫీ అన్న లెక్కను మీ అట్టల మీద చాలామంది చదివారు. అందులో అబద్ధం లేదు. అప్పటికి లెవీ కాలంలో వచ్చింది 2008 లీగ్ కప్పు ఒక్కటే. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన మేనేజర్ పొచెటీనోను అదే ఏడాది, 2019 నవంబరులో, తొలగించారు. మొరీన్యోను 2021 ఏప్రిల్ 19న, లీగ్ కప్పు ఫైనల్‌కు ఆరు రోజుల ముందు, పంపించేశారు. గెలవడమే వృత్తిగా పేరున్న మనిషిని ఫైనల్ ముంగిట తీసేయడానికి ఏ తర్కం సరిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ తర్వాత వచ్చిన నూనో నాలుగు నెలలు ఉన్నారు.

పోస్టెకొగ్లు విషయంలోనూ యాజమాన్యం భారం తక్కువేమీ కాదు. అంతకుముందు సీజన్‌లో లీగ్‌లో 30 గోల్స్ చేసిన హ్యారీ కేన్‌ను 2023 ఆగస్టులో, సీజన్ మొదటి మ్యాచ్ ముంగిట, బయెర్న్ మ్యూనిక్‌కు అమ్మేశారు. 2024 వేసవిలో సొలాంకీని పక్కన పెడితే కొన్నవాళ్లలో ముఖ్యులు గ్రే, బెర్గ్‌వాల్, ఓడొబేర్, ముగ్గురూ ఇరవై నిండని కుర్రాళ్లు. వారానికి రెండు మ్యాచ్‌లు పరుగెత్తి ఆడాల్సిన పద్ధతిని ఎంచుకున్న మేనేజర్‌ను నియమించి, ఆ పరుగుకు చాలినన్ని కాళ్లు సమకూర్చకపోవడం యాజమాన్యం తప్పు. 2025 సెప్టెంబరు 4న లెవీ పదవి వదిలారు కాబట్టి మీ నిరసన గాలికి పోలేదని కూడా అనుకోవచ్చు.

కానీ ఆ తప్పును ఒప్పుకున్నంత మాత్రాన మేనేజర్ పూర్తిగా బయటపడరు. ఉన్నవాళ్లతో ఎలా ఆడించాలన్నది ఆయన చేతిలోని పని, ఆ ఒక్కదాన్నీ ఛైర్మన్ ఖాతాలో రాయలేం.

ప్రశ్న: పదిహేడేళ్ల తర్వాత ట్రోఫీ తెచ్చిన మనిషిని పదహారు రోజుల్లో వెళ్లగొట్టడం కృతఘ్నత కాదా? ఫెర్గూసన్‌కు మాంచెస్టర్ యునైటెడ్ ఓపిక పట్టినట్టు పట్టి ఉంటే ఏమయ్యేదో!
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. 2025 మే 21న బిల్‌బావోలో జరిగిన యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ) ఫైనల్‌లో టోటెన్‌హామ్ 1-0తో మాంచెస్టర్ యునైటెడ్‌ను ఓడించింది. 1984 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదటి యూరోపియన్ కప్పు. తన రెండో సీజన్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని 2024 సెప్టెంబరులో అన్నప్పుడు నవ్వినవాళ్లకు ఆయన చక్కటి జవాబు ఇచ్చారు. ఊరేగింపు రోజున, మంచి ధారావాహికల్లో రెండో సీజన్ కంటే మూడోదే బాగుంటుందని ఛలోక్తి కూడా విసిరారు. మూడో సీజన్ ఆయనకు దక్కలేదు. జూన్ 6న తొలగించారు.

ఆ ఫైనల్‌ను మళ్లీ చూడండి. మాడిసన్, కులుసెవ్‌స్కీ, బెర్గ్‌వాల్ ముగ్గురూ గాయాలతో లేరు. మొదటి సగం చివర్లో బ్రెన్నన్ జాన్సన్ గోల్ పడ్డాక జట్టు క్రమంగా వెనక్కి జరిగింది. రెండో సగంలో సన్ హ్యుంగ్-మిన్ దిగి పార్శ్వ డిఫెండర్‌లా పరుగెత్తాడు. ముందు వరుస ఆటగాడైన జాన్సన్‌నే తీసి డిఫెండర్ డాన్సోను దింపి ఐదుగురితో కోట కట్టారు. బంతి ఎక్కువసేపు యునైటెడ్ దగ్గరే ఉంది. గోల్ గీత మీద నుంచి వాన్ డె వెన్ గాలిలోకి లేచి తన్నేసిన బంతి ఆ రాత్రి మొత్తానికీ గుర్తుగా నిలిచింది. అదే పోటీలో అంతకుముందు ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1-0, నార్వేలో బోడో మీద 2-0 గెలుపులూ ఇదే పద్ధతిలో వచ్చాయి. అంటే పరిస్థితిని బట్టి ఆటను మార్చడం ఆయనకు వచ్చు.

నన్ను వేధించే సంగతీ అదే. 2023 నవంబరు 6న చెల్సీతో మ్యాచ్‌లో ఇద్దరికి రెడ్ కార్డులు పడి తొమ్మిది మందితో మిగిలినప్పుడు కూడా రక్షణ శ్రేణిని మధ్య గీత దగ్గరే నిలబెట్టి 4-1తో ఓడిన రోజున, ఆయనకు వేరే ఆట తెలియదని అభిమానులు సరిపెట్టుకున్నారు. చాలామందికి ఆ మొండితనం ముచ్చటగానే తోచింది, నాక్కూడా. బిల్‌బావో తర్వాత ఆ వాదన నిలబడదు. తెలిసిన విద్యను యూరోపా లీగ్ కోసం దాచి, ప్రీమియర్ లీగ్‌లో మాత్రం వాడలేదన్నమాట. వసంతంలో లీగ్ మ్యాచ్‌లకు ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చారన్న సమర్థన కొంతవరకే చెల్లుతుంది. ఎందుకంటే జనవరి 26న, వరుసగా ఏడు లీగ్ మ్యాచ్‌లు ఓడి వచ్చిన లెస్టర్ చేతిలో సొంత మైదానంలో ఓడేనాటికే జట్టు 15వ స్థానంలో ఉంది. తొలగిస్తూ క్లబ్బు చెప్పిన లెక్క కూడా ఇదే: 2023లో ఆయన వచ్చాక మొదటి పది లీగ్ మ్యాచ్‌లలో 26 పాయింట్లు తెచ్చిన జట్టు, తర్వాతి 66 లీగ్ మ్యాచ్‌లలో 78 మాత్రమే తెచ్చింది. అది ఏడాదిన్నరకు పైగా సాగిన క్షీణత.

ఫెర్గూసన్ పోలిక తరచూ వస్తుంది కాబట్టి ఒక్క మాట. ఆయన యునైటెడ్ మేనేజర్‌గా 1986 నవంబరులో వచ్చారు. 1989-90లో యునైటెడ్ 13వ స్థానంలో నిలిచింది, మూడేళ్ల సాకులు చాలంటూ స్టేడియంలో బ్యానర్ కట్టారు, అదే సీజన్‌లో ఎఫ్ఏ కప్పు వచ్చింది, 1993లో లీగ్ వచ్చింది. నిజమే. ఐతే ఓపిక పట్టినా ఫలించని మేనేజర్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు, అందుకే ఈ ఒక్క ఉదాహరణే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పోస్టెకొగ్లుకు మర్యాదగా వీడ్కోలు పలకవలసింది, ఆ పదహారు రోజుల మౌనం క్లబ్బుకు శోభనివ్వలేదు. తొలగింపు మాత్రం తప్పు కాదు.

ప్రశ్న: ఆ తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆయనను 39 రోజులకే తీసేసింది కదా. దానితో టోటెన్‌హామ్ నిర్ణయం సరైనదేనని రుజువైనట్టేనా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కాలేదు. 2025 సెప్టెంబరు 9న నియమించి, ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్క గెలుపూ రాలేదని అక్టోబరు 18న చెల్సీతో 3-0 ఓటమి ముగిసిన నిమిషాల్లోనే తొలగించారు. ఫారెస్ట్ అంతకుముందు సీజన్‌లో ఏడో స్థానానికి చేరింది నూనో నేర్పిన ఆటతో, అంటే వెనక కూర్చుని ఎదురుదాడి చేసే ఆటతో. (టోటెన్‌హామ్‌లో నాలుగు నెలలున్న ఆ నూనోయే ఈయన.) అలాంటి జట్టును సీజన్ మొదలయ్యాక, సన్నాహక శిబిరం కూడా లేకుండా, పూర్తిగా వేరే ఆటలోకి తిప్పమని అడగడం ఫారెస్ట్ యాజమాన్యం తొందరపాటు. కాకపోతే లీగ్ కప్పులో స్వాన్‌సీ మీద 2-0 ఆధిక్యంలో ఉండి 3-2తో ఓడిన మ్యాచ్‌ను టోటెన్‌హామ్ అభిమాని ఎవరైనా చూసి ఉంటే, చివరి నిమిషాలకు ముందే ఫలితాన్ని ఊహించి ఉంటారు.