నాన్నని హాస్పిస్‌కి మారిస్తే వదిలించుకున్నట్టా?

మందులు ఇంక పనిచేయవని డాక్టర్లు చెప్పేశారని, ఇంట్లో నర్సును పెట్టి చూసుకుంటున్నామని, హాస్పిస్ (నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లని చివరి రోజుల్లో నొప్పి, బాధ తగ్గించి చూసుకునే చోటు) అనగానే "ఆయన్ని వదిలించుకుంటారా" అని అమ్మ ఏడుస్తోందని రాశారు. నేను 11 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఇళ్లకెళ్లి నర్సింగ్ చేస్తున్నాను. ఈ మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ విన్నాను. వదిలించుకున్నట్టు కాదండీ. కానీ ఆలస్యం మాత్రం చేయకండి.

మలక్‌పేటలో ఒక పెద్దాయనకి పేగు క్యాన్సర్. ఎప్పుడు వెళ్లినా దుప్పటి అంచు పిడికిట్లో నలిపి పట్టుకుని ఉండేవారు. నొప్పా అంటే లేదనేవారు. వాళ్లావిడ చెంచాతో రాగిజావ పెడితే పెదవి చివర నుంచి కారిపోయేది. తుడిచి మళ్లీ పెట్టేది. "తినకుంటే ఎట్లా బిడ్డా?" అని నన్నడిగేది. ఆమె ముఖం చూసి హాస్పిస్ మాట ఎత్తడానికి నాకు మూడు వారాలు పట్టింది. హాస్పిస్‌లో చేరాక మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు మొదలుపెట్టారు. మూడో రోజు వెళ్లి చూస్తే పిడికిలి విప్పి ఉంది. చాయ్ అడిగి రెండు గుటకలు తాగారు. ఆ మూడు వారాలు ముందే వెళ్లాల్సిందని ఇప్పటికీ బాధపడుతుంటాను.

మార్ఫిన్ అంటే భయపడకండి. నొప్పిని బట్టి డాక్టరే మోతాదు చూసి ఇస్తారు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి దానికి మందు కూడా అడగండి. మామూలు మెడికల్ షాపుల కోసం తిరగొద్దు. ఎక్కువగా గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లోనే దొరుకుతుంది, 2014లో మత్తుమందుల చట్టం మార్చాక అది దొరకడం కాస్త సులువైంది.

క్యాన్సర్ అయితే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగంలో అడగండి. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది, డబ్బు తీసుకోరు. ఇంటికి వచ్చి చూసే బృందాన్ని ముందు పంపగలరేమో కనుక్కోండి. వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడితే అమ్మకి సగం భయం పోతుంది. అమ్మ పక్కనే ఉండొచ్చా అని కూడా అడగండి, ఆవిడకి అన్నిటికన్నా అదే ముఖ్యం. తిండి సంగతి కూడా మెల్లగా చెప్పండి. తినక జబ్బు ముదరడం లేదమ్మా, జబ్బు ముదిరే తినలేకపోతున్నారు అని. బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తడి దూదితో పెదవులు తుడవమనండి, ఆవిడ చేతికీ పని ఉంటుంది.

మీ నర్సుతో ఒక కాగితం రాయించండి. ఏ పక్కకి తిప్పితే హాయిగా పడుకుంటారు, పుండ్లు ఎక్కడున్నాయి, గొట్టం ఎప్పుడు మార్చారు, ఏ మందు ఏ టైముకి ఇస్తున్నారు, అన్నీ. బయాప్సీ రిపోర్టు, చివరి స్కాన్, డిశ్చార్జి కాగితాలు, ఆధార్ ఒకే సంచీలో పెట్టండి. బెడ్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. దారిలో కుదుపులకి నొప్పి ఎక్కువవుతుంది, అరగంట ముందు నొప్పి మందు ఇవ్వొచ్చా అని డాక్టర్ని అడిగి ఇవ్వండి. ఆయన తలగడ మర్చిపోకండి.