రాత్రి లైటు ఆర్పకు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఒకప్పుడు నన్ను పడగొట్టిన చెవి నరం జబ్బే నీకూ వచ్చి, తల తిరిగి మంచమెక్కి పది రోజులైనా కాలేదు, సోమవారం నుంచి ఆఫీసుకి వెళ్తానంటున్నావట, అదీ నీ బండి మీదే. వినగానే గుండె ఝల్లుమంది. ఆ వెనకే గర్వమూ కలిగింది. మంచం దిగాలన్న నీ పట్టుదల ఆ రోజుల్లో నాకు లేకే కదా ఆర్నెల్లు పోగొట్టుకున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. నీళ్ళు గుక్కగుక్కగా తాగుతూ ఉండు. లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిలి, కూర్చుని, కాసేపు ఆగి లే. వైరస్ అన్నారు కాబట్టి యాంటీబయాటిక్ రాయలేదేమని డాక్టరుతో పేచీ పడకు, అది వైరస్ మీద పనిచేయదు.

బండి మాత్రం వద్దు. గబుక్కున తల తిప్పి వెనక్కి చూసినా రోడ్డు కదలకుండా ఉండాలి, డాక్టరు సరేననాలి, అప్పుడే తాళం ముట్టుకో. స్టూలెక్కి అటక మీది సామాను దించడం కూడా అప్పటిదాకా బంద్. ఈ ఒక్క విషయంలో నీ మొండితనం నా దగ్గర చెల్లదు.

ఇక నా సంగతి. ఒకరోజు పొద్దున్న కళ్ళు తెరిస్తే గది గిర్రున తిరుగుతోంది. లేవబోతే ఎవరో పక్కకి లాగినట్టు తూలిపోయాను. పరీక్షల్లో చెవిలో ఓసారి చల్లని నీళ్ళు, ఓసారి వెచ్చని నీళ్ళు పోసి కనుగుడ్లు ఎటు కొట్టుకుంటున్నాయో చూశారు. మనని తూలకుండా నిలబెట్టే లోపలి చెవి మీద చేసిన పనికి రాబర్ట్ బారనీ అనే ఆయనకి 1914లో నోబెల్ బహుమతి వచ్చిందని, ఈ పరీక్ష ఆయన చలవేనని డాక్టరు చెప్పారు. 'అంతా నీ భ్రమ' అన్న చుట్టాల మాటలకి నలిగిపోయి ఉన్నానేమో, ఆ కబురు నాకు పెద్ద ధైర్యం. లోపలి చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరం వాచిందన్నారు. వెస్టిబ్యులర్ న్యూరైటిస్. తల తిరగకుండా మాత్రలిచ్చి, మూడు రోజులు వాడి ఆపేయమన్నారు, లేచి నడవమన్నారు.

నేను ఆపలేదు. నడవలేదు. మెడ తిప్పితే చాలు లోకం జారేది, భయమేసి ఇంకో మాత్ర వేసుకునేదాన్ని. కర్టెన్లు మూసి, దిండ్ల మధ్య మెడ కొయ్యలా బిగబట్టి పడుకున్నాను. పిలిస్తే తల కాదు, ఒళ్ళంతా తిప్పి చూసేదాన్ని. విశ్రాంతే మందనుకున్నాను. అలా రెండు నెలలు.

రెండు చెవులూ మెదడుకి సమానంగా కబుర్లు పంపుతాయి చిన్నీ. ఒకటి మూగబోతే, తల కదలకపోయినా పక్కకి తిప్పుతున్నామనే మెదడు అనుకుంటుంది. ఆ తేడాని అది సర్దుకోగలదు. కానీ తల కదిలి, పొరపాటు పడి, దిద్దుకుంటేనే సర్దుకుంటుంది. నేను కదలనే లేదు, పైగా మాత్రలతో జోకొట్టాను. ఇక అదెలా నేర్చుకుంటుంది?

ఒకరాత్రి మీ పెదనాన్న నిద్ర చెడగొట్టడమెందుకని లైటు వేయకుండా బాత్రూమ్‌కి వెళ్ళాను. మనని నిలబెట్టేవి కన్ను, చెవి, కాలు. చెవి అప్పటికే లేదు, చీకట్లో కన్నూ పోయింది, తడి గచ్చు మీద కాలూ పోయింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా మీ అమ్మే వచ్చి జడ వేసేది. నువ్వప్పుడు నడక నేర్చుకుంటున్నావు. గోడ పట్టుకుని పడుతూ లేస్తూ పోయేదానివి. నేనూ అదే గోడ పట్టుకుని నీ వెనకాలే. నువ్వు పడ్డా ఏడవకుండా లేచేదానివి, చూసి సిగ్గేసింది నాకు.

అప్పుడు మొదలుపెట్టాను ఫిజియోథెరపీ. చెయ్యి చాచి బొటనవేలు గోరు చూస్తూ తల అటూ ఇటూ తిప్పాలి. గోరు చెదరకుండా కనపడేంత వేగమే. ఒక్కో నిమిషం, రోజుకి నాలుగైదు సార్లు. తర్వాత గోడ పక్కన పాదాలు దగ్గర పెట్టి నిలబడటం, ఆ తర్వాత తల తిప్పుతూ నడవడం. చేస్తుంటే కాస్త తిరుగుతుంది, భయపడకు, అదే పాఠం. చాలాసేపటికీ తగ్గకపోతే మర్నాడు తగ్గించి చెయ్యి. నీకు తగిన వరస ఫిజియోథెరపిస్టుని అడుగు.

సాయంత్రానికి ఊరికే ఏడుపొస్తుంది. కంప్యూటర్లో పేజీ జరిగినా, జనం మధ్య నడిచినా అలసట ముంచుకొస్తుంది. పైకి బాగానే ఉంటావు కాబట్టి ఎవరికీ అర్థం కాదు. నాకు అర్థమవుతుంది, ఏ వేళైనా ఫోన్ చెయ్యి. వారాల తర్వాత పక్క మీద ఒత్తిగిలినప్పుడు మాత్రమే కొన్ని క్షణాలు తిరిగితే పాత జబ్బు తిరగబెట్టిందని బెంబేలు పడకు. చెవిలోని సన్నని స్ఫటికాలు చోటు తప్పి ఉండొచ్చు. తలని ఒక వరసలో తిప్పి డాక్టరు సరిచేస్తారు.

కానీ ఒక చెవి హఠాత్తుగా వినపడకపోతే అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి పరుగెత్తు, దానికి మందు ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. మాట ముద్దగా వచ్చినా, రెండేసి కనపడినా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో చచ్చుబడినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, అసలు నిలబడలేకపోయినా చెవి జబ్బేలే అని ఊరుకోవద్దు. అది పక్షవాతం కావచ్చు. క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి.

సోమవారం వెళ్ళు, కాదనను. డాక్టరుకి చెప్పి, ఎవరినైనా తోడు తీసుకుని, ఒక పూటతో మొదలుపెట్టు.

ఈ రాత్రి పడుకునే ముందు బాత్రూమ్ లైటు వేసి ఉంచి, వేశానని నాకొక మెసేజ్ పెట్టు. అది వచ్చేదాకా నేను నిద్రపోను.

మీ పెద్దమ్మ