డాక్టర్ సలహా: భార్యను కాదు, ముందు ఆ మాత్రను అనుమానించండి

ప్రశ్న: నా వయసు 29. సైన్యంలో పనిచేస్తున్నాను. యుద్ధరంగానికి వచ్చి ఏడు నెలలైంది, పెళ్లయి రెండేళ్లు. ఇంటి మీద, నా భార్య మీద బెంగతో నిద్ర పట్టడం లేదు. ఆమె పంపిన వాయిస్ మెసేజ్‌నే పదేపదే వింటూ పడుకుంటాను. తోటి సైనికుడు ఇచ్చిన, ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే అల్‌ప్రజోలామ్ 0.5 మిల్లీగ్రాముల మాత్రను రెండు నెలలుగా రోజూ వాడుతున్నాను. ఇప్పుడు ఒకటి చాలక రెండు వేసుకుంటున్నాను, దొరికిన రోజున కొంచెం మందు కూడా తాగుతాను. తొమ్మిదింటికి మాత్ర వేసుకుని, సిగ్నల్ అందే పదింటికి ఇంటికి ఫోన్ చేస్తాను. ఈమధ్య నేను అనని మాటలు అన్నానంటూ ఆమె ఏడుస్తోంది. ఎందుకిలా అబద్ధం చెబుతోందో తెలియక నాకు అనుమానం మొదలైంది. వచ్చే నెల పది రోజుల సెలవు ఉంది. ఆమెకు తెలియకూడదని బయల్దేరే రోజు నుంచి మాత్ర పూర్తిగా మానేద్దామనుకుంటున్నాను. మూడు నెలల కిందట దగ్గరలో షెల్ పేలినప్పటి నుంచి చెవిలో హోరు, అప్పుడప్పుడు తలనొప్పి ఉన్నాయి కానీ అది పెద్ద విషయం కాదు. మా మధ్య మునుపటి నమ్మకం తిరిగి రావాలంటే ఏం చేయాలి?

జవాబు: మీరు నమ్మకం గురించి అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో మాత్ర, సెలవు, షెల్ అనే మూడు మాటలే ముందు కనిపించాయి. మిమ్మల్ని పరీక్షించకుండా రాస్తున్నాను కనుక దీన్ని రోగ నిర్ధారణగా తీసుకోకండి, యూనిట్ డాక్టర్ దగ్గరకు వెళ్లడానికి కారణంగా తీసుకోండి.

అల్‌ప్రజోలామ్ వేసుకున్న గంట, రెండు గంటల్లో రక్తంలో దాని మోతాదు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ సమయంలో మనిషి మామూలుగానే మాట్లాడతాడు, నవ్వుతాడు, కోప్పడతాడు, కానీ మెదడు ఆ కొత్త సంగతులను సరిగా భద్రపరచుకోలేదు కాబట్టి మరునాడు ఆ సంభాషణలో కొంత భాగం అసలు జరగనట్టే అనిపించవచ్చు. మద్యం తోడైతే ఈ మరపు మరింత పెరుగుతుంది. మీరు తొమ్మిదింటికి మాత్ర వేసుకుని పదింటికి ఫోన్ చేస్తున్నారు. ఆమె చెబుతున్న మాటలు మీరు నిజంగానే అని ఉండే అవకాశం చాలా ఉంది. పాపం, ఆవిడ విన్నది విన్నట్టు చెప్పినందుకు అబద్ధాలకోరు అయ్యారు. డాక్టర్‌ను కలిసేదాకా కనీసం ఫోన్ ముందు, మాత్ర తర్వాత అనే క్రమం పాటించండి, మాత్ర వేసుకున్న రోజున మద్యం ముట్టకండి. ఈ రెండూ కలిస్తే నిద్రలో శ్వాస ప్రమాదకరంగా మందగించవచ్చు. ఒకవేళ మద్యం రోజూ తాగుతూ ఉంటే దాన్ని కూడా హఠాత్తుగా మానకుండా, ఉన్నదున్నట్టు డాక్టర్‌కు చెప్పండి.

ఇక బయల్దేరే రోజున మానేయాలన్న ఆలోచనను దయచేసి విరమించుకోండి. రెండు నెలలు రోజూ వాడి, ఒకటి రెండైందంటే శరీరం దానికి అలవాటు పడిందని అర్థం. ఈ మందు ఒంట్లోంచి త్వరగానే పోతుంది, సుమారు 11 గంటల్లో సగానికి తగ్గుతుంది. ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ, చిరాకు, అసలు నిద్ర లేకపోవడం మొదలవుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఏడు నెలలుగా ఎదురుచూసిన ఇల్లాలికి ఆ పది రోజులూ మీరు అలా కనిపిస్తే, మాత్ర సంగతి తెలియని ఆవిడ ఏమనుకుంటారో ఆలోచించండి. ఈ మందును డాక్టర్ వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు, అవసరమైతే ఎక్కువసేపు పనిచేసే మరో మందుకు మార్చి ఆపిస్తారు. సెలవులో ఏ రోజు ఎంత వేసుకోవాలో ఆయన చేతే రాయించుకుని వెళ్లండి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. సైజు సరిపోని బూటు తోటివాడిదైనా మీరు తొడుక్కోరు, అతని మాత్ర మాత్రం మారు మాట్లాడకుండా మింగేశారు. అది అతనికి ఎందుకిచ్చారో, ఎన్నాళ్లకిచ్చారో మీకు తెలియదు. ఈ రకం మందులను సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి రాయకూడదంటారు. మత్తు దిగని కళ్లతో కాపలా కాసేవాడి వెనుక మరెందరో నిశ్చింతగా నిద్రపోతుంటారన్నది మీకు నేను చెప్పనక్కర్లేదు. మందులు పంచుకునే ఈ స్నేహం వల్ల తెచ్చుకున్న జబ్బులను నా దగ్గర వారం వారం చూస్తూనే ఉన్నాను.

షెల్ సంగతి పెద్ద విషయం కాదని మీరు తేల్చేశారు, నేనైతే తేల్చలేను. పేలుడు అదురుకు తలకు పైకి గాయం కనిపించకపోయినా తలనొప్పి, మతిమరుపు, చిరాకు, నిద్రలేమి నెలల తరబడి ఉండవచ్చు, కాబట్టి మీ మరపులో దాని వాటా ఎంతో కూడా చూడాలి. కర్ణభేరిని, వినికిడిని, నరాలను పరీక్షించాలి. స్కాన్ కావాలో వద్దో పరీక్షించిన డాక్టర్ నిర్ణయిస్తారు. తలనొప్పి పెరుగుతూ వాంతులు, చూపు మసకబారడం, మాట తడబడటం, ఫిట్స్ వంటివి ఏవి కనిపించినా ఆ రోజే చూపించుకోండి.

బెంగ మాత్రం జబ్బు కాదు. ఒకప్పుడు దాన్నీ జబ్బుగానే చూశారు. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి బెంగకు నోస్టాల్జియా అని పేరు పెట్టాడు, 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యులు సిపాయిల రికార్డుల్లో ఆ పేరునే రోగంగా రాశారు. వాయిస్ మెసేజ్‌ను పదేపదే వినడానికి మందు అక్కర్లేదు. అయితే రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి మందగించడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. పేలుడు దృశ్యం నెల దాటినా కలల్లో, మెలకువలో వెంటాడుతుంటే దానికి వేరే చికిత్స ఉంది. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే, ఎంత చిన్నగా వచ్చినా, ఆయుధాన్ని పక్కవారికి అప్పగించి వెంటనే డాక్టర్‌కు చెప్పండి. రికార్డులో మచ్చ పడుతుందన్న భయంతో ఆలస్యం చేయవద్దు.

మీ అసలు ప్రశ్నకు నా జవాబు చిన్నది. మాత్ర వేసుకోని వేళలో ఫోన్ చేసి, రెండు నెలలుగా దాన్ని వాడుతున్నానని, అందుకే కొన్ని మాటలు గుర్తుండటం లేదని సెలవుకు ముందే ఆమెకు చెప్పండి. సెలవులో దాంపత్యంపై ఆసక్తి తగ్గినట్టు అనిపిస్తే అందుకు ఈ మందు, అలసట రెండూ కారణం కావచ్చు. దానికోసం ఇంకెవరో ఇచ్చిన మరో మాత్ర మింగకండి. ఈ వారంలోనే యూనిట్ డాక్టర్‌ను కలవండి, వెళ్లేటప్పుడు ఖాళీ అయిన స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి.