టెక్ సందేహాలు: పల్లెవెలుగు మోడ్‌కు పడ్డ తాళం

ప్రశ్న: జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేమ్‌లో నడిపేటందుకు పల్లెవెలుగు బస్సు మోడ్ (గేమ్‌కు సొంతంగా జోడించే మార్పు) తయారు చేసిన. జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టిన, ఇప్పుడు యాదికి వస్తలేదు. బస్సు మీద అతికించే బొమ్మలు, అంటే టెక్స్చర్లన్నీ అందులోనే ఉన్నయి. తెరిచే దారి ఉందా?
- హనుమకొండ నుంచి ఒక విద్యార్థి

ఉండొచ్చు. పాస్‌వర్డ్ గుర్తు చేసుకోవడం తర్వాత, ముందు ఏ రకం తాళం పడిందో చూడండి. జిప్‌ను 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. లోపలి ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయి. 'మెథడ్' కాలమ్‌లో 'జిప్‌క్రిప్టో' (జిప్‌కు వేసే పాత రకం తాళం) అని ఉంటే సగం పని అయినట్టే. 7-జిప్‌లో జిప్ ఫైల్‌కు పాస్‌వర్డ్ పెడితే, మీరు మార్చకపోతే పడేది అదే. 'ఏఈఎస్-256' (గట్టి తాళం) అని ఉంటే మాత్రం ఈ దారి లేదు, కింది ప్రశ్నలోని జాబితా పద్ధతికి వెళ్లండి.

జిప్‌క్రిప్టో గుట్టు 1994లోనే బిహామ్, కోచర్ అనే క్రిప్టోగ్రఫీ పరిశోధకులు బయటపెట్టారు. తాళం పడ్డ ఫైళ్లలో ఏ ఒక్కదాని అసలు కాపీ మీ దగ్గరున్నా మొత్తం జిప్ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ ఎంత పొడుగుదైనా సరే. మోడ్ చేసేవాళ్లకు ఆ కాపీ సాధారణంగా చేతిలోనే ఉంటుంది. ఏఎస్ఐ లోడర్ (మోడ్లను గేమ్‌లోకి ఎక్కించేది) కోసం జిప్‌లో 'వోర్బిస్‌ఫైల్' డీఎల్‌ఎల్ ఫైల్ కూడా పడేసి ఉంటారు కదా, మీ గేమ్ ఫోల్డర్‌లో ఉన్నదీ అదే కావచ్చు. కావచ్చు అంటే చాలదు, సరిచూడాలి. జిప్‌లో ఆ ఫైల్ ఎదుట 'సీఆర్‌సీ' కింద ఫైల్‌కు వేలిముద్ర లాంటి 8 అక్షరాల కోడ్ ఉంటుంది. గేమ్ ఫోల్డర్‌లోని డీఎల్‌ఎల్ మీద రైట్ క్లిక్ చేసి 7-జిప్‌తో సీఆర్‌సీ-32 తీయండి. రెండూ ఒకటైతే ఫైల్ అదే.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. జిప్‌లో ముందు కుదింపు జరుగుతుంది, తాళం ఆ తర్వాత పడుతుంది. అందుకే మీ కాపీని కూడా అప్పట్లో వాడిన సాఫ్ట్‌వేర్‌తోనే, అదే కంప్రెషన్ లెవెల్‌లో, పాస్‌వర్డ్ లేకుండా జిప్ చేయాలి. లెవెల్ గుర్తులేదా? 'ప్యాక్డ్ సైజ్' చూడండి. తాళం ఉన్న దాంట్లో సరిగ్గా 12 బైట్లు ఎక్కువ ఉండాలి, ఎందుకంటే జిప్‌క్రిప్టో ప్రతి ఫైల్ ముందు 12 బైట్ల హెడర్ పెడుతుంది. తేడా 12 రాకపోతే ఫాస్టెస్ట్ నుంచి అల్ట్రా దాకా ఒక్కో లెవెల్ మార్చి చూడండి.

ఇప్పుడు బీకేక్రాక్ అనే ఉచిత టూల్. కమాండ్‌లో పెద్ద 'సీ' (-C, ఇలా ప్రతి అక్షరం ముందు గీత పెట్టాలి) పక్కన తాళం పడ్డ జిప్, చిన్న 'సీ' పక్కన అందులోని డీఎల్‌ఎల్ పేరు, పెద్ద 'పీ' పక్కన మీరు చేసిన జిప్, చిన్న 'పీ' పక్కన దాంట్లోని పేరు ఇవ్వాలి. ఫోల్డర్ లోపలి ఫైల్ అయితే ఫోల్డర్ పేరుతో సహా రాయాలి. పని పూర్తయితే పాస్‌వర్డ్ బదులు పనికొచ్చే మూడు కీలు వస్తాయి. రెండో కమాండ్‌లో మళ్లీ పెద్ద 'సీ' పక్కన తాళం పడ్డ జిప్, చిన్న 'కే' పక్కన ఆ కీలు ఇచ్చి, పెద్ద 'యూ' తర్వాత కొత్త జిప్ పేరు, కొత్త పాస్‌వర్డ్ రాస్తే బస్సు బయటికొస్తుంది. పాత పాస్‌వర్డ్ ఏమిటో తెలియకుండానే!

ప్రశ్న: నా గేమ్ మోడ్ రార్ ఫైల్‌లో ఉంది. పాస్‌వర్డ్ తీసే సాఫ్ట్‌వేర్ రెండు రోజులు ఆగకుండా తిరిగినా ఏం తేలలేదు. 'బతుకమ్మ' అని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి, పక్కన ఏదో సంవత్సరం పెట్టినట్టు గుర్తు.
- జమ్మికుంట నుంచి ఒక పాఠకుడు

ముందు విన్‌రార్‌లో 'ఆర్గనైజ్ పాస్‌వర్డ్స్' తెరిచి చూడండి, ఒక్కోసారి అక్కడే సేవ్ అయి ఉంటుంది. లేకపోతే, అన్ని అక్షరాలూ తిప్పే ఆ సాఫ్ట్‌వేర్‌ను వెంటనే ఆపేయండి. రార్5లో (రార్ కొత్త ఫార్మాట్) ఒక్కో ఊహకు 32,768 చుట్ల లెక్క నడుస్తుంది. కీబోర్డ్ మీది 95 అక్షరాలు, అంకెలు, గుర్తులతో చేసిన 8 అక్షరాల పాస్‌వర్డ్‌కు, సెకనుకు 10,000 చొప్పున చూసినా, అన్నీ తిప్పేసరికి 21 వేల ఏళ్లు దాటుతుంది.

మీరు మరిచింది పదాన్ని కాదు, స్పెల్లింగ్‌ను. 'త'కు టీ ఒక్కటే రాశారా, పక్కన హెచ్ పెట్టారా? ఎమ్ ఒకటా, రెండా? మొదటి అక్షరం పెద్దదా, అన్నీ పెద్దవా, అన్నీ చిన్నవా? ఇవి 12 రూపాలు. మధ్యలో ఏమీ లేకుండా, లేదా ఎట్ (@), హ్యాష్ (#), అండర్‌స్కోర్ (_) వేస్తే 48. పదేళ్ల సంవత్సరాలను రెండంకెల్లో, నాలుగంకెల్లో కలిపితే 960. సెకనుకు 100 చూసే మామూలు లాప్‌టాప్‌కు ఇది పది సెకన్ల పని. ఇంగ్లీష్ పాస్‌వర్డ్ జాబితాలు దించుకుని లాభం లేదు, మన స్పెల్లింగులు మనమే రాసుకోవాలి.

జాన్ ద రిప్పర్ అనే పాస్‌వర్డ్ వెతికే ఉచిత సాఫ్ట్‌వేర్ జంబో వెర్షన్‌లోని 'రార్2జాన్'తో (జిప్ అయితే 'జిప్2జాన్'తో) హ్యాష్, అంటే ఊహను సరిచూసే కోడ్ తీసి, మీ జాబితాను వర్డ్‌లిస్ట్‌గా ఇవ్వండి. రెండు చోట్ల దెబ్బతింటారు. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్‌లో హ్యాష్‌ను ఫైల్‌లోకి మళ్లిస్తే యూటీఎఫ్-16 అనే వేరే అక్షర పద్ధతిలో సేవ్ అయి 'హ్యాషులేవీ లోడ్ కాలేదు' అంటుంది. కమాండ్ ప్రాంప్ట్ వాడండి. జాబితాను నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు 'బీఓఎం' (ఫైల్ మొదట్లో చేరే కనపడని గుర్తు) లేని యూటీఎఫ్-8 ఎంచుకోండి, వరుస చివర ఖాళీ జాగా వదలొద్దు. లేకపోతే అసలు పాస్‌వర్డ్ లిస్టులో ఉన్నా దొరకకపోవచ్చు.

రార్ అప్‌లోడ్ చేస్తే తాళం తీస్తామనే సైట్లకు మీ కష్టాన్ని అప్పజెప్పకండి. ఇదంతా సొంత ఫైళ్లకే. ఇంకొకరు చేసిన మోడ్ అయితే పాస్‌వర్డ్ వాళ్లనే అడగండి.

ప్రశ్న: గేములు తయారుచేసే ఆర్‌పీజీ మేకర్ ఎంవీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన నా గేమ్ ప్రాజెక్ట్ పోయింది. ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసి) ఎగుమతి చేసిన కాపీ మాత్రమే మిగిలింది. కీ గుర్తులేదు.
- మంచిర్యాల నుంచి

కీ ఆ కాపీలోనే ఉంది. డేటా ఫోల్డర్‌లోని 'సిస్టమ్' జేసన్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'ఎన్‌క్రిప్షన్‌కీ' అని వెతకండి. 32 అక్షరాలు కనిపిస్తాయి. మీరు టైప్ చేసిన మాట నుంచి ఎండీ5 అనే పద్ధతిలో లెక్కకట్టిన కోడ్ అది, బొమ్మలు విప్పడానికి అదే చాలు. తాళం పడేది బొమ్మలకు, శబ్దాలకే. అదీ ప్రతి ఫైల్‌లో మొదటి 16 బైట్లకు మాత్రమే! మ్యాపులు, డైలాగులు మామూలుగా చదవగలిగే జేసన్ ఫైళ్లుగానే ఉంటాయి. కొత్త ప్రాజెక్ట్ తెరిచి, డేటా ఫోల్డర్‌ను, విప్పిన బొమ్మలను, శబ్దాలను అందులోకి కాపీ చేసుకోండి.