సూరత్ మగ్గాల చెవుడు డేటాబేసులో ఏ పేరుతో ఉంటుంది?

ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్లిన మరమగ్గాల కార్మికుల ఆరోగ్యం మీద ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టు రాస్తున్నానని, లైబ్రరీ డేటాబేసులో వెతికితే ఒకసారి వేలకొద్దీ వ్యాసాలు, మరోసారి సున్నా వస్తున్నాయని మీరు అడిగారు. నేనూ బరంపురం వాడినే, నా ప్రాజెక్టూ దాదాపు ఇదే. మొదటి రోజు ప్రాజెక్టు శీర్షిక మొత్తం పెట్టెలో కొట్టాను. సున్నా వచ్చింది. 'మైగ్రెంట్ వర్కర్స్' అని మాత్రమే కొడితే భూమ్మీద ఉన్న వలస కూలీలందరూ దిగిపోయారు.

మా చిన్న మేనమామ సూరత్‌లో మగ్గాల మీద పనిచేసి వచ్చాడు. ఇంట్లో మాట్లాడితే వీధి చివరికి వినిపించేది. కోపిష్టి అనుకునేవాళ్లం. అది మగ్గాల మోతకు వచ్చిన చెవుడని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. వెంటనే వైద్య వ్యాసాల డేటాబేసు పబ్‌మెడ్‌లో 'డెఫ్‌నెస్' అని వెతికితే పుట్టుకతో వచ్చే చెవుడు మీద వ్యాసాలే ఎక్కువగా కనిపించాయి. అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే ఆ డేటాబేసులో మెష్ అనే పదాల జాబితా ఒకటి ఉంటుంది. 1960 నుంచీ ఉన్న జాబితా అది. అందులో శబ్దం వల్ల వచ్చే చెవుడుకు 'హియరింగ్ లాస్, నాయిస్-ఇండ్యూస్డ్' అని విడిగా పేరుంది. వలస కూలీలేమో 'ట్రాన్సియెంట్స్ అండ్ మైగ్రెంట్స్' కింద ఉంటారు. మన నోటికి వచ్చే మాట వేరు, అక్కడ అతికించిన చీటీ వేరు. ముందు చీటీ మీద ఏముందో చూడండి. పనికొచ్చే వ్యాసం ఒక్కటి దొరికినా చాలు, దాని అడుగున ఉన్న మెష్ పదాలు చూసి మిగతావి పట్టుకోవచ్చు.

ఊరి పేర్ల దగ్గర ఇంకా తిప్పలు. ఈ రాష్ట్రం పేరు 2011లో ఒరిస్సా నుంచి ఒడిశా అయింది, కాబట్టి పాత వ్యాసాలు 'ఒరిస్సా' అంటేనే పలుకుతాయి. గజపతి జిల్లా 1992 దాకా గంజాంలోనే ఉండేది. బరంపురం స్పెల్లింగు రెండు రకాలు, పైగా బెంగాల్లో అదే పేరుతో ఇంకో ఊరు! ఆ ఊరి ఆసుపత్రి వ్యాసం ఒకటి మనదే అనుకుని సగం దాకా చదివాను కూడా.

అందుకని ఒకే అర్థం ఉన్న మాటలను 'ఆర్'తో కలిపి బ్రాకెట్లో పెట్టండి. వేరే అంశాన్ని 'యాండ్'తో జోడించండి. పబ్‌మెడ్‌లో ఈ రెండూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. బ్రాకెట్లు మరిచిపోతే అది ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోయి అర్థం మార్చేస్తుంది. 'మైగ్రెంట్', 'మైగ్రేషన్' రెండూ కావాలంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న మొదటి ఐదు అక్షరాలు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెడితే సరిపోతుంది.

పబ్‌మెడ్‌లో మీకు కనిపించేది చాలావరకు సారాంశమే. పూర్తి వ్యాసానికి డాలర్లు అడిగితే బెంబేలు పడకండి. ఇంటి దగ్గర డబ్బు అడిగిన వ్యాసమే కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో ఉచితంగా తెరుచుకుంది, చందా వాళ్లు కట్టారు కాబట్టి. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. పూర్తి వ్యాసాలు దాచిపెట్టే పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉన్నవి ఎక్కడైనా ఉచితమే.

వైద్యం కాక కుటుంబం, అప్పులు, ఊళ్లో మిగిలిన ఆడవాళ్ల సంగతి కావాలంటే పబ్‌మెడ్‌ను పట్టుకుని వేలాడకండి. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఉచితంగా ఉంటాయి. అక్కడ 'దాదన్' అని కూడా వెతకండి. ఒడిశాలో వలస కూలీలకు వాడే ఆ మాట మెష్‌లో కనిపించదు. జిల్లా లెక్కలకైతే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గంజాంకు విడిగా పట్టిక ఉంది.

ఏ మాటలతో, ఏ తేదీన వెతికారో, ఎన్ని వచ్చాయో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. నేను రాసుకోలేదు. వైవా రోజున నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.