సింగపూర్ ఆఫర్ వచ్చింది... ఫ్లాట్ అమ్మేసి వెళ్లిపోవచ్చా?

ప్రశ్న: మాది తెల్లాపూర్. నాకు 33 ఏళ్లు. రాయదుర్గంలో ఓ విదేశీ బ్యాంకు ఆఫీసులో క్రెడిట్ రిస్క్ విభాగంలో పనిచేస్తున్నాను. చేతికి నెలకు రూ.1.9 లక్షలు వస్తాయి. మావారు సాఫ్ట్‌వేర్, ఆయనకు రూ.1.5 లక్షలు. ఐదేళ్ల పాప ఉంది. ఫ్లాట్ నా పేరునే ఉంది. ఈఎంఐ రూ.48 వేలు పోగా, అన్ని ఖర్చులూ అయ్యాక లక్షన్నర మిగులుతోంది. సింగపూర్‌లో నెలకు 9 వేల డాలర్లకు ఉద్యోగం వచ్చింది. జనవరిలో చేరమంటున్నారు. ఫ్లాట్ అమ్మేసి అందరం వెళ్లిపోదామా?

జవాబు: 9 వేల సింగపూర్ డాలర్లంటే మన డబ్బుల్లో ఆరు లక్షల పైమాటే. ఆ అంకె వినగానే ఎవరికైనా వెంటనే బయల్దేరాలనిపిస్తుంది. ముందు నెలాఖరున ఇంటికి ఎంత మిగులుతుందో చూద్దాం.

మీకు ఎంప్లాయ్‌మెంట్ పాస్ (విదేశీ ఉద్యోగులకు ఇచ్చే పని అనుమతి) వస్తే మీవారు, పాప కుటుంబ సభ్యులకిచ్చే డిపెండెంట్ పాస్ మీద రావచ్చు. అయితే 2021 మే నుంచి ఈ పాస్ మీద ఉన్నవాళ్లు అక్కడ ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాల్సిందే. అంటే ఆయన ఇక్కడ మానేసి వస్తే లక్షన్నర ఆగిపోతుంది. అక్కడ రెండు బెడ్‌రూముల కాండోకి (ప్రైవేటు అపార్ట్‌మెంట్‌కి) అద్దె 4 వేల డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పాప చదువుకు 1,500, ఇంటి ఖర్చులకు మరో 1,500, పన్నుకు 500 వేసుకోండి. మిగిలేది 1,500 డాలర్లు, అంటే లక్ష రూపాయలు. ఈఎంఐ కడితే అందులో సగమే చేతిలో ఉంటుంది. పైగా ఇక్కడిలా పీఎఫ్ ఉండదు. అక్కడి పీఎఫ్ లాంటి సీపీఎఫ్ విదేశీ ఉద్యోగులకు వర్తించదు కాబట్టి రిటైర్‌మెంట్ పొదుపు కూడా ఆ సగంలోంచే రావాలి.

పన్ను విషయంలో మనవాళ్లు తరచూ దెబ్బతింటారు. అక్కడ నెలనెలా జీతంలో కోత ఉండదు. ఈ ఏడాది జీతం మీద పన్ను వచ్చే ఏడాది నోటీసు రూపంలో వస్తుంది. మొదటి జీతం నుంచే ఆ 500 వేరే ఖాతాలో పడేయండి.

అయినా వెళ్లమనే చెబుతాను. ఇక్కడి ఆఫీసుల్లో చాలావరకు రిపోర్టులు, మోడళ్లు తయారవుతాయి. అప్పు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం అక్కడ జరుగుతుంది. ఆ గదిలో మీకు చోటు దొరుకుతోంది, వదులుకోవద్దు. కానీ మొదట మీరొక్కరే వెళ్లండి. షేరింగ్‌లో ఒక గది తీసుకుంటే అద్దె సగానికి పైగా తగ్గుతుంది. మీవారు ఇక్కడ ఉద్యోగం చేస్తూనే సింగపూర్‌లో ప్రయత్నించాలి. పాపను వదిలి ఉండటం మాటలు కాదు, అందుకే దీనికి ఆరు నెలలు గడువు పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, మధ్యలో వచ్చిపోవచ్చు.

సంతకం పెట్టేముందు హెచ్ఆర్‌తో రెండు విషయాలు మాట్లాడండి. ఒకటి జీతం. 2025 జనవరి నుంచి ఫైనాన్స్ రంగంలో ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కి కనీస జీతం 6,200 డాలర్లు. వయసుతోపాటు అది పెరుగుతూ 45 ఏళ్లకు 11,800 అవుతుంది. మీ జీతం కదలకపోతే రెన్యువల్ దగ్గర టెన్షన్ తప్పదు. కాబట్టి ఇప్పుడే ఇంకో వెయ్యి అడగండి.

రెండోది చేరే తేదీ. జనవరిలో వెళ్తే ఈ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు మించి ఇక్కడే ఉన్నట్టు, కాబట్టి పన్ను లెక్కలో మీరు ఇక్కడి రెసిడెంటే. మార్చి దాకా వచ్చే సింగపూర్ జీతాన్ని కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. అక్కడి పన్నుకు క్రెడిట్ వస్తుంది గానీ, మన రేటు ఎక్కువ కాబట్టి తేడా మీరే కట్టాలి. ఏప్రిల్‌లో చేరతానంటే ఈ బాధ లేదు.

ఉద్యోగం పోతే పాస్ రద్దయ్యాక సాధారణంగా 30 రోజులే ఉండనిస్తారు. పన్ను క్లియరెన్స్ అయ్యేదాకా కంపెనీ ఆఖరి జీతాన్ని ఆపి ఉంచుతుంది. నాలుగు నెలల ఖర్చు అక్కడి ఖాతాలో కదపకుండా ఉంచండి.

ఇక ఫ్లాట్ అమ్మొద్దు, అద్దెకివ్వండి. ఈఎంఐలో చాలా భాగం అదే లాగుతుంది. మీరు నాన్ రెసిడెంట్ అయ్యాక అద్దెకున్నవాళ్లు అద్దెలోంచి 30 శాతానికి పైగా టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. చాలామందికి ఇది తెలియదు, తర్వాత నోటీసు వస్తే గొడవ. అగ్రిమెంట్‌లోనే రాయించండి. అద్దె ఎన్ఆర్ఓ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం పెట్టుకునే ఖాతా) పడాలి కాబట్టి, బయల్దేరేముందే మీ బ్యాంకుకు వెళ్లి ఇప్పుడున్న సేవింగ్స్ ఖాతాను మార్చడానికి ఏ కాగితాలు కావాలో అడిగి పెట్టుకోండి.